దర్జీని చంపనన్న వారం

ఈ మధ్య కథలు రాద్దామనుకునే పిల్లలు నా దగ్గరికి వస్తున్నారు. ఒక వారపత్రికలో ముప్పై ఏళ్లకు పైగా జీతం తీసుకుని కథలు రాసినదాన్ని గనక, నా దగ్గర ఏదో రహస్యం ఉందని వాళ్ల నమ్మకం. వచ్చి కూర్చుంటారు, కాఫీ తాగుతారు, గోడ మీద ఏసుప్రభువు పటాన్ని కాసేపు చూస్తారు. ఆపైన గొంతు సవరించుకుని, "అమ్మా, మీకు ఐడియాలు ఎక్కణ్నించి వస్తాయి?" అంటారు.

ఈ ప్రశ్న అడగనివాడు ఇంతవరకు నా గుమ్మం తొక్కలేదు. కామా ఎక్కడ పెట్టాలో మాత్రం ఎవరూ అడగరు. అది అడిగితే చెప్పగలను.

ఇక ఒక్కొక్కరికీ విడివిడిగా కాఫీ పోసే ఓపిక లేదు. అందుకని అందరికీ కలిపి ఇక్కడ రాసి పెడుతున్నాను. నాకు ఏ సన్మానం ఎప్పుడు జరిగింది, ఏ శాలువా ఎవరు కప్పారు అన్నవి ఇందులో ఉండవు. ఆ శాలువాలు చలికాలంలో పనికొచ్చాయి, అంతవరకే.

గురువారం

నా అనుభవంలో ఐడియాలు రావు. వచ్చేది గురువారం.

మా పత్రిక శనివారం బజారులోకి వెళ్లేది. గురువారం మధ్యాహ్నానికి చివరి పేజీలు మూసెయ్యాలి. సీరియల్ చివరి పేజీల్లోనే ఉండేది. రెజిమెంటల్ బజార్‌లో ఒక బట్టల కొట్టు వెనకాల ప్రెస్సు. అక్కడ అక్షరాలు కూర్చే కంపోజిటర్ నా బల్ల దగ్గరికి వచ్చి, "అమ్మా, ఇంక సగం కాలమ్ ఖాళీ ఉంది" అనేవాడు. ఆ సగం కాలమ్ చూసేసరికి నాకు ప్రేరణ పుట్టుకొచ్చేది. నా కథానాయికలు అంతలేసి నిట్టూర్పులు విడవడానికి కారణం అదే. ఒక విమర్శకుడు దాన్ని నా విషాద శైలి అని మెచ్చుకున్నాడు. పోనీలే పాపం అని నేనేమీ అనలేదు.

నేను ఆ ఉద్యోగంలో చేరేనాటికి ఇరవై రెండేళ్లు కూడా లేవు. మా నాన్న గుంటూరు వైపు నుంచి రైల్వే గుమాస్తాగా వచ్చి చిలకలగూడలో కాపురం పెట్టాడు. మిషన్ స్కూల్లో చదివించి నన్ను టీచరమ్మను చేద్దామనుకున్నాడు. నేను పోయి పత్రికలో చేరేసరికి మా చర్చిలో పాస్టరుగారు ఒక ఆదివారమంతా అబద్ధాల గురించే ప్రసంగించారు. ఆయన చూపు మాత్రం మా బెంచీ మీదే ఉంది.

టాంక్‌బండ్ మీద ప్రేరణ

మా ఎడిటర్ కిషన్‌రావుగారు మంచివారు. ఉర్దూలో చదువుకుని తెలుగు మీద ప్రేమ పెంచుకున్న మనిషి. ఆయన జీవితంలో ఒక్క కథ కూడా రాయలేదు. అందువల్ల కథలెలా పుడతాయో ఆయనకు చాలా స్పష్టంగా తెలుసు.

"సుగుణమ్మా, గిట్ల కుర్చీల కూసుంటే ప్రేరణ రాదు. పోయి టాంక్‌బండ్ మీద నిలబడు. సూర్యుడు మునుగుతుంటే చూడు. దిల్‌ల ఏదో కదులుతది" అన్నారు ఒకసారి.

పోయి నిలబడ్డాను. సూర్యుడు మునిగాడు. కంట్లో దోమ పడింది. ఇంకేమీ కదల్లేదు. మర్నాడు ఎర్రకన్నుతో ఆఫీసుకు వస్తే, ఆయన నా కన్ను చూసి, "చూసినవా, ఏడ్చినట్టున్నవ్. వచ్చేసింది" అని పొంగిపోయారు. ఆ వారం కథ నేను మా పిన్ని, ఆమె తోడికోడలు పచ్చడి జాడీ మీద పడ్డ గొడవ చూసి రాశాను. సూర్యాస్తమయంలో పుట్టిన కథ అని ఆయన చివరిదాకా నమ్మారు.

పిల్లలూ, ప్రకృతి దగ్గరికి పోండి, వద్దనను. దోమల మందు పట్టుకుపోండి.

చిలకలగూడలో మంచు

నా పక్క బల్ల పరంధామయ్యది. ఆయన పద్ధతి వేరు. కంటోన్మెంటులో తెల్ల సోల్జర్లు వెళ్లిపోతూ వదిలేసిన ఇంగ్లీషు కథల పత్రికలు రెజిమెంటల్ బజార్‌లో తూకానికి అమ్మేవారు. పరంధామయ్య వాటిని ఉల్లిపాయలు కొన్నట్టు సంచీ పట్టుకెళ్లి కొనేవాడు. జాన్‌ను జనార్దనం చేసేవాడు, మేరీని మీనాక్షి చేసేవాడు, లండన్ తీసేసి సికింద్రాబాద్ పెట్టేవాడు. గంటలో కథ తయారు.

ఒకసారి జనార్దనం చిలకలగూడ వీధుల్లో మోకాలి లోతు మంచులో నడుచుకుంటూ ఇంటికి వచ్చాడు. ఆ ఇంట్లో ఒకే ఒక్క కోడిని కోసి పన్నెండు మంది చుట్టాలు కడుపునిండా తిన్నారు, ఇంకా మిగిలింది. అసలు కథలో అదేదో సీమకోడిట, మేకపిల్లంత ఉంటుందిట. పరంధామయ్యకు ఆ సంగతి తెలియదు. పత్రిక వచ్చాక, ఆ కోడి ఎక్కడ దొరుకుతుందో కొంచెం చెప్పమని అడుగుతూ జనం ప్రెస్సుకు వచ్చారు.

కిషన్‌రావుగారు పరంధామయ్యను పిలిచి, "ఏందయ్యా, చిలకలగూడల మంచు గురిసిందా?" అని అడిగారు.

"వడగళ్లండీ. కాస్త గట్టిగా పడ్డాయి" అన్నాడాయన తొణక్కుండా.

నేను నవ్వాను గానీ పరంధామయ్య మీద నాకు కోపం లేదు. ఆయన దొంగిలించింది ఎక్కడో సముద్రాల అవతల వాళ్ల దగ్గర. వాళ్లెవరూ చిలకలగూడ నడిచొచ్చి, మా మంచు మాకిమ్మని అడగరు. నేను పక్కింటి దగ్గర దొంగిలించేదాన్ని. ఈ రెంటిలో ఏది ప్రమాదమో నాకు తొందర్లోనే తెలిసొచ్చింది.

కల్పితమంటే పక్కా

ఇది అర్థం కావాలంటే మీకొక అలవాటు గురించి చెప్పాలి. ఇప్పటి పిల్లలకు ఇది వింతగా ఉంటుంది.

నిజాం సర్కారు చివరి రోజుల్లో, రజాకార్ల రాజ్యం నడుస్తున్నప్పుడు, పత్రికలో ఉన్న సంగతి ఉన్నట్టు వేస్తే ప్రెస్సుకు తాళం పడేది. సెన్సారు చూసే ఆఫీసరుకు తెలుగు అంతంతమాత్రం. వార్తలయితే ఇంకొకరి చేత చదివించుకుని ఎర్రసిరాతో కొట్టేసేవాడు. కథల పేజీలు వచ్చేసరికి, "కిస్సా కహానీ" అని చేత్తో పక్కకు తోసేవాడు.

కిషన్‌రావుగారికి ఆ చెయ్యి ఊపడం కనిపించింది. అంతే, వార్తలన్నీ కథలైపోయాయి. ఎక్కడో పల్లెలో ధాన్యం తగలబెడితే, మా పత్రికలో చందనపురం అనే రాజ్యంలో రాజభటులు గాదె తగలబెట్టేవారు. ఊరి పేరు మార్చేవాళ్లం, మనుషుల పేర్లు మార్చేవాళ్లం, చివర చిన్న అక్షరాల్లో "ఇందులోని పాత్రలు, సంఘటనలు కేవలం కల్పితాలు" అని వేసేవాళ్లం. పాఠకులు అసాధ్యులు. ఇరానీ హోటల్లో ఒక చాయ్ చల్లారే లోపల, చందనపురమంటే ఏ ఊరో, రాజభటుడంటే ఎవరో తేల్చేసేవారు. "కల్పితమని ఏసిండ్రంటే పక్కా జరిగినట్టే" అని వాళ్లలో వాళ్లు చెప్పుకునేవారు. ఆ రోజుల్లో మా పత్రికలో నమ్మదగ్గవి కథలు మాత్రమే. వార్తల పేజీలో ఎక్కువగా పెళ్లిళ్లు, కొత్త పుస్తకాలు ఉండేవి.

తర్వాత పోలీస్ యాక్షన్ వచ్చింది. ఇండియా సైన్యం ఊళ్లోకి వచ్చింది. సెన్సారు ఆఫీసరు ఎటు పోయాడో తెలియదు. వార్తల్ని వార్తలుగానే వేసుకోవచ్చు. మేం వెంటనే మారిపోయాం. కథలు మళ్లీ కథలైపోయాయి. కానీ చదివేవాళ్లకు ఆ సంగతి చెప్పాలని మాలో ఒక్కరికీ తోచలేదు.

ఎర్ర దారం

మా చిలకలగూడ కాంపౌండులో వరసగా ఆరిళ్లు, మధ్యలో ఒకే వాకిలి. మాకు రెండిళ్ల అవతల దస్తగిరి, ఆయన భార్య కాశింబీ ఉండేవారు. పల్లె నుంచి వచ్చిన సాయిబులు. ఇంట్లో, బయట తెలుగే. దస్తగిరికి రెజిమెంటల్ బజార్‌లో మెట్ల కింద చిన్న కొట్టు. యూనిఫారాలు కుట్టడంలో చెయ్యి తిరిగిన దర్జీ. ఎవరొచ్చి కొలతలిస్తే వాళ్లకు కుట్టేవాడు. తెల్లవాళ్లున్నప్పుడు వాళ్లకు కుట్టాడు. రజాకార్లొచ్చి కుట్టమంటే వాళ్లకూ కుట్టాడు. కుట్టనని చెప్పే ధైర్యం ఆ బజారులో ఎవరికుంది!

సైన్యం వచ్చిన వారంలో ఒక పొద్దున ఆయన కొట్లోంచి లేచి ఎటో వెళ్లిపోయాడు. మిషన్ సూది కింద సగం కుట్టిన ఖాకీ చొక్కా చెయ్యి అలాగే ఉంది. ఉన్నాడో పోయాడో ఎవరికీ తెలియదు. మిషన్‌ను నలుగురు పట్టి ఇంటికి చేర్చారు. కాశింబీ బీడీలు చుట్టుకుంటూ బతుకుతోంది. ఎవరైనా పలకరిస్తే, "వస్తడు" అని ఒక్క మాట అనేది.

నెలలు గడిచాయి. నా మీద గురువారం వచ్చి పడింది. పాత సీరియల్ అయిపోయింది, కొత్తది మొదలుపెట్టాలి, బుర్రలో ఒక్క ముక్క లేదు. కూర్చుని హుసేను అని ఒక దర్జీని రాశాను. ఊరు చందనపురం. ఆ పేరు మీద మాకు మమకారం. అల్లర్ల భయంతో సూది కింద బట్ట వదిలేసి పారిపోయాడు. దస్తగిరి చొక్కాకు అన్నిటికన్నా కింది గుండీని ఎర్ర దారంతో కుట్టేవాడు. చాకలి దగ్గర చొక్కాలు కలిసిపోయినా తన కుట్టు తనకు తెలియాలని. అదీ పెట్టేశాను. ఆ గుండీ లేకపోతే హుసేను ఒట్టి పేరు. గుండీ వచ్చేసరికి ఊపిరి పీల్చాడు. పిల్లలూ, మీరు వెతికే ప్రేరణ అట్లాంటి గుండీల్లో ఉంటుంది, సూర్యాస్తమయాల్లో కాదు. పక్కవాళ్లవి తీసుకోవడం తప్పా అని అడుగుతారేమో. తీసుకోకుండా రాసినవాడు ఎవడైనా ఉంటే నాకు చూపించండి, దణ్ణం పెడతాను.

మూడో వారంలో హుసేనుకు దారిలో జ్వరం తగిలించాను. ఎవరో ముక్కూమొహం తెలియని ఇల్లాలు చెంబుతో నీళ్లిచ్చింది. ఆ వారం పాఠకులకు బాగా నచ్చిందని కిషన్‌రావుగారు లడ్డూ తెప్పించారు.

ఆదివారం చర్చి నుంచి రాగానే కాంపౌండులో ఆడవాళ్లకు ఎవరో ఒకరు పత్రిక చదివి వినిపించడం అలవాటు. ఆ ఆదివారం నేను చీర మార్చుకుని బయటికి వచ్చేసరికి కాశింబీ మా గడపలో నిలబడి ఉంది. చేతిలో పత్రిక. ఆమెకు చదవడం రాదు.

"అక్కా, ఏ ఊర్ల తాగిండు నీళ్లు?"

నాకు అర్థం కాలేదు.

"మా ఆయన అక్కా. జరం జెర తగ్గిందా? ఆ నీళ్లిచ్చినామె ఎవరు? ఊరు పేరు చెప్పొద్దంటే చెప్పకు. దూరమా దగ్గరా అన్నన్న చెప్పు."

అప్పుడే నాకు తెలివి వచ్చింది. ఆమె దగ్గర కూర్చుని, "కాశింబీ, అదంతా నేను కల్పించింది. దస్తగిరి సంగతి నాకేమీ తెలియదు. ప్రభువు తోడు" అన్నాను.

కాశింబీ నా చెయ్యి పట్టుకుని నవ్వింది. తెలిసినవాళ్లు తెలిసినవాళ్లను చూసి నవ్వే నవ్వు. "ఎరుకే అక్కా. మీరు గట్లనే అనాలె గద. రజాకార్లప్పుడు సుత గిట్లనే కల్పితమని రాసిండ్రు. అన్ని నిజాలే అయినయ్."

"అప్పుడు వేరు, ఇప్పుడు వేరు."

"పేరు మార్చిండ్రు, ఊరు మార్చిండ్రు. ఎర్ర దారం మాత్రం మార్చలే. నాకు తెలియాలనే గద గది ఉంచినవ్?"

ఏం చెప్తారు దీనికి? చెబితే నాకూ చెప్పండి. ఎవరూ గుర్తుపట్టకూడదని పేరు మార్చాను. మార్చబట్టే ఆమెకు నమ్మకం కుదిరింది. ఒకవేళ ఉన్నదున్నట్టు దస్తగిరి అని రాసుంటే, కాకమ్మ కథ అని వదిలేసేది కాబోలు.

వెళ్తూ వెళ్తూ ఆమె ఇంకొక మాట అంది. "మీ పేపర్‌ల ఖబర్ పోతది గద అక్కా. మిషన్ అమ్మలేదని రాయి. బట్ట సుత సూది కింద అట్లనే ఉంచిన అని రాయి. ఇంటికి ఎవ్వరు రాలే, పోలీసోళ్లు అడగలే. రమ్మని రాయి."

చంపెయ్యమ్మా

మర్నాడు కిషన్‌రావుగారు నన్ను పిలిచారు. మంచి ఉత్సాహం మీద ఉన్నారు.

"సుగుణమ్మా, హుసేను బాగున్నడు. ఈ గురువారం చంపేద్దాం."

"ఎందుకండీ?"

"కళ్లల్ల నీళ్లు రావాలె. జరం ఎట్లనో ఉన్నది, అది పెంచు. ఆ ఎర్ర దారం చేతుల పట్టుకుని చావాలె. ఊరంతా ఏడుస్తది."

ఊరంతా ఏడవదు, చిలకలగూడలో ఒక్క మనిషి ఏడుస్తుందని చెప్పాను. కాశింబీ సంగతంతా చెప్పాను. ఆయన విని, పాపం నిజంగానే బాధపడ్డారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తుడుచుకుని, "అయితే ఎంత జబర్దస్తుగ రాసినవో చూడు! చంపు" అన్నారు.

పత్రికల వాళ్లలో రాక్షసులు ఉండరు పిల్లలూ. బాధపడుతూనే చంపమనేవాళ్లు ఉంటారు. వీళ్లతో వేగడం ఇంకా కష్టం.

"నేను చంపను" అన్నాను.

"ఏంది?"

"చంపనండీ. కావాలంటే మీరు రాసి చంపుకోండి."

ఆయన కలం తీశారు. కాగితం ముందు పెట్టుకున్నారు. పైకప్పు వంక చూశారు. కిటికీలోంచి చూశారు. మధ్యాహ్నం భోజనం వేళకు "హుసేను" అని ఒక మాట రాసి, కింద గీత గీశారు. ఆ గీత మాత్రం చక్కగా ఉంది. "టాంక్‌బండ్ దాకా పోయి రండి" అన్నాను. కోపంతో కాగితం నా మీదికి విసిరి, "ఒక్క వారం. వచ్చే వారం చావాల్సిందే" అన్నారు.

వారం దొరికింది. ఏం రాయాలి? రమ్మని రాస్తే చాలు, కాశింబీకి ఊరట. కానీ ఆమె నమ్మినట్టే దస్తగిరీ నమ్మితే? ఆయన కూడా ఆ బజారు మనిషే, ఆ హోటళ్లలో చందనపురం విప్పి చదివినవాడే. ఎక్కడో బతికుండి, ఈ పత్రిక విని, భయం లేదనుకుని వస్తే? వచ్చాక పట్టుకుపోతే? ఆ రోజుల్లో ఏ తప్పూ చేయనివాళ్లు కూడా జైళ్లలో ఉన్నారు. నా సగం కాలమ్ కోసం ఒక మనిషి పోవాలా? అప్పటిదాకా నేను రాసిన వాక్యం నిజమా కాదా అని ఒక్కసారి కూడా కంగారుపడలేదు. ఆ అవసరం లేదనే కదా ఈ ఉద్యోగంలో చేరింది.

ఇన్‌స్పెక్టరు చొక్కా

గొడుగు పట్టుకుని పోలీస్ స్టేషనుకు వెళ్లాను. ఇన్‌స్పెక్టరు కొత్తగా కోస్తా నుంచి వచ్చినాయన. పెళ్లికాని పిల్ల ఒంటరిగా వచ్చేసరికి, ఏదో ఘోరం జరిగిందనుకుని కుర్చీ వేయించాడు.

"ఏం పోయిందండీ?"

"ఏమీ పోలేదు. నేను కథలు రాస్తాను. ఒక అనుమానం వచ్చింది."

ఆయన ముఖంలో ఘోరం మీద ఉన్న ఆసక్తి అంతా దిగిపోయింది. "మా ఆవిడ చదువుతుందండీ కథలు. నాకు తీరదు."

"ఒక దర్జీ ఉన్నాడనుకోండి. రజాకార్లకు బట్టలు కుట్టాడు. భయపడి పారిపోయాడు. తిరిగొస్తే మీరు పట్టుకుంటారా?"

"కుట్టాడా, వేసుకున్నాడా?"

"కుట్టాడంతే."

"కత్తీ తుపాకీ ఏమైనా పట్టాడా?"

"కత్తెర పట్టాడు."

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. వేళాకోళం చేస్తున్నాననుకున్నాడేమో. నేను మళ్లీ అడిగాను. మూడోసారి కూడా అడిగాను. చివరికి ఆయన విసిగిపోయి, లేచి నిలబడి చెయ్యి పైకెత్తాడు. చంకలో చొక్కా పర్రున చిరిగింది.

"చూశారా అమ్మగారూ? ఈ ఊరొచ్చాక కుట్టించుకున్నాను. ఎవడికైనా చెయ్యెత్తి సెల్యూట్ కొట్టాలంటే భయంగా ఉంది. బట్టలు కుట్టినవాణ్ని లోపలేస్తే మాకెవడు కుడతాడండీ? మీ కథలో వాడెవడో వస్తే ముందు నా దగ్గరికి పంపండి. పుణ్యముంటుంది."

ఆ మాటల్ని ఉన్నవి ఉన్నట్టు సీరియల్లో దించాను. నా ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నేను కల్పించని సంభాషణ అదొక్కటే. విమర్శకుడు, అదే విషాద శైలి ఆయన, ఇన్‌స్పెక్టరు పాత్ర బొత్తిగా అసహజమని రాశాడు.

ఆ వారం హుసేను చావలేదు. హుసేను భార్య మిషన్‌కు నూనె వేసింది. బట్టను సూది కింద అలాగే ఉంచింది. ఇన్‌స్పెక్టరు చిరిగిన చొక్కాతో వచ్చి, దర్జీ వచ్చాడా అని అడిగి వెళ్లాడు.

కదలని కథ

ఎవరూ రాలేదు.

తర్వాతి వారం కిషన్‌రావుగారు మళ్లీ చంపమన్నారు, నేను మళ్లీ కలం ఆయన ముందు పెట్టాను. ఆయన కలాన్ని పాముని చూసినట్టు చూశారు. ఇంకొక వారం దొరికింది. ఇన్‌స్పెక్టరు మళ్లీ వచ్చాడు, మళ్లీ అడిగాడు. ఆపై వారమూ అంతే. "ఏందమ్మా ఇది, కథ కదుల్తలేదు" అని ఆయన తల పట్టుకున్నారు. నిజమే, కదలడం లేదు. కదలాల్సినవాడు వేరేచోట ఉన్నాడు, నేనేం చెయ్యను? కాశింబీ మాత్రం ప్రతి ఆదివారం ముందు వరసలో కూర్చుని, అదే సంగతి మళ్లీ విని, తల ఊపి వెళ్లేది. నాకు ఆమె ముఖం చూడాలంటే భయం పట్టుకుంది. ఇక ఉద్యోగం మానేసి టీచరమ్మనైపోదామని నిశ్చయించుకున్నాను కూడా. పాస్టరుగారు సంతోషిస్తారని ఒక పక్క ఒళ్లు మండింది.

ఒక సాయంత్రం ప్రెస్సు నుంచి వస్తూ వాకిట్లో అడుగు పెట్టానో లేదో, కుట్టుమిషన్ చప్పుడు వినిపించింది.

దస్తగిరి మిషన్ ముందు కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగింది, సగానికి సగం చిక్కాడు. సూది కింద ఆ ఖాకీ చెయ్యే. కాశింబీ పక్కన నిలబడి దాన్ని కూరగాయల సంచీగా కుట్టిస్తోంది. నేను గడపలో కూలబడి ఏడ్చేశాను. ఆ ఏడుపుకు ఏ కాలమ్ కొలతా లేదు.

పారిపోయినవాడు ఎంతో దూరం పోలేదు. యాప్రాల్‌లో, అప్పుడది ఒట్టి పల్లె, తెలిసిన కాపు పశువుల కొట్టంలో గోనెసంచులు కుడుతూ దాక్కున్నాడు. అక్కడ కిరాణా కొట్టు ముందు ఎవరో మా పత్రిక చదువుతుంటే ఎర్ర దారం మాట చెవిన పడింది.

"పోలీసాయన నిజంగ గట్లన్నడో లేక పట్టుకునేటందుకు వల ఏసిండ్రో సమజ్ కాలే అమ్మా. రెండు మూడు వారాలు విన్న. ప్రతి వారం చొక్కా చిరుగుతనే ఉన్నది. ఇగ ఆయనకు నిజంగనే తక్లీఫ్ ఉన్నట్టున్నదని వచ్చిన" అన్నాడు దస్తగిరి.

"జ్వరం తగ్గిందా?" అని నేనే అడిగేశాను, ఏమనుకోకండి.

"జరమా? నాకు జరం రాలే. నీళ్లు సుత ఎవ్వరియ్యలే, నేనే బాయిల చేదుకొని తాగిన. నువ్వు ఊకెనే రాసినవ్."

కాశింబీ కస్సుమంది. "రాలేదంటడేంది! అక్క రాసింది గద! మూడు రోజులు నేను ముద్ద ముట్టలే ఆ జరానికి. నీకు యాదికి లేదు, ఊకో."

"నా పెయ్యికి జరమొస్తే నాకు ఎరుక కాదానే?"

"నీకేం ఎరుక? పేపర్‌ల పడ్డది!"

అచ్చులో పడ్డ మాటకున్న బలం మీద నాకు ఆ రోజు కలిగిన గౌరవం తర్వాత ఏ బహుమతి సభలోనూ కలగలేదు. దస్తగిరి పాపం రెండు నిమిషాలు వాదించి, చివరికి కొంచెం జ్వరం వచ్చిందేమోనని ఒప్పుకున్నాడు.

మర్నాడు ఆయన్ను స్టేషనుకు నేనే తీసుకెళ్లాను. ఇన్‌స్పెక్టరు ఆయన్ను చూసి, ఏ ప్రశ్నా వేయకుండా, రెండు చేతులూ చాచి కొలతలిచ్చాడు.

సమాప్తం

ఈ సంగతి తెలిసి కిషన్‌రావుగారు ఎగిరి గంతేశారు. "ఇగ ఇంటికి వచ్చిండు గద! ఇప్పుడు ఇల్లు తగలబెట్టు!"

ఇంటికి వస్తే కాశింబీ ఎదురొచ్చింది. ఈసారి చేతిలో పత్రిక లేదు. "అక్కా, ఇగ చాలు. మా ఆయన గురించి రాయకు. వారం వారం ఏమైతదోనని పరేషాన్ అయితున్న. ఇంట్ల కూసున్నోడు ఇంట్లనే ఉండనియ్యి."

ఆ గురువారం హుసేనును చందనపురంలో మిషన్ ముందు కూర్చోబెట్టి, సమాప్తం అని రాసి, కంపోజిటర్ చేతికిచ్చాను. సగం కాలమ్ ఖాళీ మిగిలింది. ఎవరినీ నిట్టూర్చనివ్వలేదు. అక్కడ తలనూనె ప్రకటన వేసుకున్నారు. కిషన్‌రావుగారు కొన్నాళ్లు నాతో మాట్లాడకుండా వంటల చిట్కాల పేజీ అప్పగించారు. పరంధామయ్య కొత్త సీరియల్ మొదలుపెట్టాడు. అందులో మళ్లీ మంచు కురిసింది.

ఐడియాలు ఎక్కణ్నించి వస్తాయని కదా అడిగారు. పక్కింటి నుంచి వస్తాయి. ఆ ఇంటివాళ్లు వెనకాలే వస్తారు, తలుపు తీసి సమాధానం చెప్పాలి. అంత ఓపిక లేకపోతే తూకానికి పత్రికలు ఇప్పటికీ దొరుకుతున్నాయి, సంచీ పట్టుకెళ్లండి.

నేను తర్వాత ఎన్నో సీరియళ్లు రాశాను. కాశింబీ ముసలిదయ్యేవరకు ఆదివారం చదువు వినడం మానలేదు. పత్రిక తెరవగానే, మొదటి వాక్యం చదవక ముందే, ఆమె చెయ్యి అడ్డం పెట్టి అడిగేది.

"అక్కా, మా ఆయన లేడు గద దీంట్ల?"

"లేడు కాశింబీ."

ఆమె ఒకసారి వెనక్కి తిరిగి తన గుమ్మం వైపు చూసుకునేది. లోపల మిషన్ నడుస్తూ ఉండేది.

"అయితే చదువు."